పెరటాసి శుక్రవారం పిండి

పాత ఇనుము కొనే ఆయన మా పిండిమర చుట్టూ రెండుసార్లు తిరిగాడు. మోటారు మీద చెయ్యి వేశాడు, బెల్టు పట్టి లాగాడు, గింజలు పోసే తొట్టిని వేలితో తట్టి చప్పుడు విన్నాడు. ఆఖరికి రాళ్ళ దగ్గర వంగి, "ఇది ఎన్నేండ్ల నాటిదిమా?" అన్నాడు.

తెలియదన్నాను. నిజంగానే తెలియదు. మా తాత పెట్టాడు, మా అబ్బ నడిపాడు, నేను ఈడ్చుకొస్తున్నాను. తేదీలు రాసిపెట్టుకునే తీరిక మా ఇంట్లో ఎవరికీ దొరకలేదు.

"ఇనుము తీసకపోతా. రాళ్ళు మాత్రం నాకొద్దుమా. వాటినెవురు కొంటారు?"

"పెరటాసి నెల అయినాక రాప్పా," అన్నాను.

ఆయన నా తలమీది కొంగు వైపు చూసి నవ్వాడు. "సాయిబులకి పెరటాసి యేందిమా?"

ఎగతాళి చేయలేదు, మామూలుగానే అడిగాడు. జవాబు చెప్పే ఓపిక లేక ఊరుకున్నాను. చెప్పాలంటే చాలా చెప్పాలి. ఆయన వెళ్ళిపోయాక గడప మీద కూర్చుంటే, ఆ చెప్పనిదంతా లోపల మెదలడం మొదలుపెట్టింది. ఎవరికీ చెప్పకుండా మరను సాగనంపడం బాగుండదనిపించి రాస్తున్నాను.

మాది పాకాల. స్టేషను నుంచి బజారుకు వచ్చే దారిలో రేకుల కప్పు ఇల్లు. ముందు మర, వెనక మేము, మధ్యలో ఒకే గోడ. అటు ధర్మవరం, ఇటు కాట్పాడి, ఇంకోవైపు తిరుపతి, మూడు వైపుల నుంచీ బండ్లు వచ్చే ఊరు కాబట్టే మా తాత ఇక్కడ మర పెట్టాడట. అప్పట్లో ఆయిలింజను. పల్లెల వాళ్ళు పొద్దున ప్యాసింజరులో మూటలతో దిగి, పిండి ఆడించుకుని, బండి తిరిగొచ్చే లోపల స్టేషనుకు చేరుకునేవాళ్ళు. బండి ఆలస్యమైతే మా వాకిట్లోనే సద్ది విప్పుకుని తినేవాళ్ళు. "ఊళ్ళో ఆడోళ్ళ రెక్కల నొప్పులన్నీ నేనే తీసేసినా, ఒక్కరన్నా ఇసుర్రాయి తిప్పతాండారా?" అని మా తాత గొప్పలు పోయేవాడట. ఆ నొప్పులన్నీ ఎక్కడికి పోయాయో నాకు తెలుసు. నా కుడి భుజంలోకి వచ్చి చేరాయి.

కరెంటు మోటారు మా అబ్బ కాలంలో వచ్చింది. మీరు నాయన అనేదాన్ని మా ఇంట్లో అబ్బ అంటాం, అమ్మను అమ్మీ అంటాం. రాళ్ళు అరిగి నున్నబడితే ఆయన పై రాయిని విప్పి పక్కన పడుకోబెట్టి, ఉలీ సుత్తీ పట్టుకుని ఒక పూటంతా గంట్లు కొట్టేవాడు. పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, "ఇంగ రవ్వంత దించల్ల రాయిని" అనేవాడు. ఆయన వేళ్ళు చెప్పిందే మాట. నేనూ ఆ నలపడం నేర్చుకున్నాను గానీ, ఆయనంత ఇష్టంగా ఏనాడూ నలపలేదు. ఆయనకు అది పని. నాకు తప్పనిసరి. మా ఆయనకు బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని, వారానికోసారి ఇల్లు చూస్తాడు. అబ్బకు మోకాళ్ళు పోయాయి. మర నా నెత్తిన పడింది. అంతకు మించి పెద్ద కథేమీ లేదు.

మర గురించి బయటివాళ్ళకు తెలియని సంగతి ఒకటుంది. ఎంత దులిపినా ముందు వాళ్ళ పిండి పిడికెడు లోపల మిగిలిపోతుంది. అది వెనక వచ్చేవాళ్ళ పిండిలో కలుస్తుంది. అందుకే వరసలో ఎవరి వెనక ఎవరు అన్నది మా దగ్గర పెద్ద విషయం. రాగుల వెనక బియ్యం పోస్తే పిండి మసకబారుతుందని బియ్యం వాళ్ళు గొడవకు వచ్చేవాళ్ళు. మా అబ్బ ఇద్దరి మధ్యలో మా సొంత నూకలు దోసెడు పోసి మర కడిగేవాడు. ఆ నూకల పిండి మా కోళ్ళకు వేసేవాళ్ళం. ఊళ్ళో మనుషుల కంటే మా కోళ్ళే బాగా బలిశాయని అమ్మీ అనేది.

అరవ లెక్క ప్రకారం వచ్చే పెరటాసి నెలలో ఇంకా పట్టింపు ఎక్కువ. మా వైపు ఆ నెల శనివారాలు వెంకటేశ్వరస్వామికి తళిగ వేస్తారు. అరిటాకులో అన్నమూ వడలూ పెట్టి, బియ్యప్పిండీ బెల్లమూ కలిపి చేసిన దీపంలో నెయ్యి పోసి వెలిగిస్తారు. కొండెక్కాక ఆ దీపాన్నే ప్రసాదంగా తలా కొంచెం తింటారు. ఆ పిండికి బియ్యం నానబెట్టి, నీడలో గుడ్డమీద ఆరబోసి, ఇంకా చెమ్మ ఉండగానే మరకు తేవాలి. పొడిపిండితో చేసిన దీపం పగిలి నెయ్యి కారిపోతుంది. అందుకని శుక్రవారం పొద్దున్నుంచీ మా వాకిలి నిండా తడి బియ్యం గిన్నెలే.

ఆ నెల మొత్తం మా అబ్బ మిరపకాయల మిషను మూసేసేవాడు. అది వెనక కొట్టంలో వేరేగా ఉండేది, అయినా మూసేసేవాడు. ప్రతి గురువారం మర విప్పి తుడిచేవాడు. పిండి దిగే మూతికి ఒక పొడుగాటి గుడ్డ తొడుగు కడతాం, అది లేకపోతే పిండి గాల్లోకి లేస్తుంది. ఆ తొడుగును ఉతికి ఎండేసేవాడు. ఇంకోటి కూడా ఉంది. ఆ నెలంతా మా ఇంట్లో మాంసం వండేవాళ్ళు కాదు. గోడకు అవతలే మర, తాళింపు వాసన గోడ దాటుతుందని మా తాత పెట్టిన కట్టుబాటు. పలమనేరు నుంచి అమ్మీ పుట్టింటివాళ్ళు వస్తే పప్పూ మునక్కాయ చారూ తిని పోవలసిందే. "నమాజులూ మనమే చెయ్యాల, వాళ్ళ శనివారాలూ మనమే చెయ్యాలనా?" అని అమ్మీ సణిగేది. సణుగుతూనే వండేది. మమ్మల్ని ఇలా ఉండమని ఎవరూ అడగలేదు. మేమిలా ఉంటున్నామని ఊళ్ళో చాలామందికి తెలియనే తెలియదు.

పదకొండేళ్ళ కింద, మూడో శనివారానికి ముందు గురువారం. సాయంత్రం. అబ్బను ఎవరో బండి మీద మసీదుకు తీసుకుపోయారు. రైల్వేలో పనిచేసే ఒకాయన, మాకు ఎప్పుడూ వచ్చే మనిషే, డబ్బా పట్టుకుని వచ్చాడు. ఆయన అత్తగారిది పులికాట్ ఒడ్డు. వాళ్ళు పంపిన ఎండు రొయ్యల్ని వేయించి, ఎండు మిరపకాయలు కలిపి తెచ్చాడు.

"రవ్వంత పొడి కొట్టియ్యిమా. ఆరు గంటల బండికి డ్యూటీకి పోవల్ల. నెల దినాలు బయటే నేను, సంగట్లోకి ఇదే గతి."

"పెరటాసినా, కొట్టము," అన్నాను.

"మిరక్కాయల మిషను యెనకాల వేరేగా గదా ఉండాది? దాంట్లో కొడితే యేమయితాదిమా?"

నేను పొద్దున్నుంచి నిలబడే ఉన్నాను. ఆయనతో వాదించడానికి కావలసిన ఓపిక కంటే పొడి కొట్టివ్వడానికి కావలసిన ఓపిక తక్కువనిపించింది. అంతే, ఇంకే కారణమూ లేదు. కొట్టంలోకి పోయి చూస్తే ఆ మిషను తొడుగు చినిగిపోయి ఉంది. తొడుగు లేకుండా మిరపకాయలు కొడితే కళ్ళు పోతాయి. మర గదిలో మేకుకు, మరుసటి రోజు కోసం ఉతికి ఆరేసిన తెల్ల తొడుగు వేలాడుతోంది. దాన్ని తీసి కట్టాను. ఐదు నిమిషాల పని. ఆయన దండం పెట్టి బండికి పరిగెత్తాడు. తొడుగును వాకిట్లోకి తెచ్చి గట్టిగా దులిపాను. తర్వాత ఉతుకుదామనుకుని అదే మేకుకు తగిలించాను. మరిచిపోయాను.

శుక్రవారం పొద్దున దాన్నే మరకు కట్టాను. మర నడిపేవాళ్ళ ముక్కు ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది, నాకేం తెలియలేదు. ఆడించుకున్నవాళ్ళకూ తెలియలేదు, మా ఇంట్లో ఏ మూల చూసినా ఏదో ఒక ఘాటు ఉంటుంది కదా. మధ్యాహ్నం వరస అయిపోయాక తొడుగు విప్పి దులుపుతుంటే మడతలో రెండు ఎర్రటి సన్న పోగులు కనిపించాయి. దారాలనుకుని గిల్లాను. రొయ్య మీసాలు.

అమ్మీని కేకేశాను.

అమ్మీ వచ్చి చూసింది. మాది ఉర్దూ మాట్లాడే ఇల్లు, మేమనుకున్నది తెలుగులో రాస్తున్నాను. "ఎవరికి తెలుస్తుంది? ఆ గుడ్డ పొయ్యిలో పెట్టు, నోరు మూసుకో," అంది. నాకు అదే సరైన మాట అనిపించింది. అబ్బ వాకిలి పక్కన తన చెక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తిడతాడనుకున్నాను, తిట్టలేదు.

"ఎవరెవరొచ్చారో గుర్తుందా?" అన్నాడు.

"ఉంది." వరస నాకెప్పుడూ గుర్తే.

"మన బియ్యం నానబెట్టు. ఇంటింటికీ పోయి చెప్పి, మార్చి ఇచ్చి రా. నేను పోయేవాణ్ణే, కాళ్ళు రావు."

"వాళ్ళకు తెలియదు కదా అబ్బా."

"మనకు తెలుసు కదా."

ఇంట్లో ఉన్న బియ్యమంతా నానబెట్టాం. అమ్మీ తిట్టుకుంటూనే పెట్టెలోంచి కొత్త తెల్ల ఓణీ తీసి చింపి ఇంకో తొడుగు కుట్టింది. నూకలు పోసి, మళ్ళీ నూకలు పోసి మర కడిగాను. పొద్దు వాలేసరికి పిండి గిన్నెలతో బయలుదేరాను. ఒక్కో గడప దగ్గరా అదే మాట చెప్పాలి. మొదటి ఇంటి గడప దాకా పోయి ఒకసారి వెనక్కి తిరిగాను, ఐదో ఇంటికి వచ్చేసరికి విసుగొచ్చింది. కొందరు నవ్వారు. ఒకాయన, "పోనీలే పాపా, సామికి రుచిగా ఉంటాది," అన్నాడు, ఆయన పెళ్ళాం ఆయన్ని కసిరింది. ఒకావిడ నా ముందే పాత పిండిని ఆవు తొట్టిలో కుమ్మరించి, గిన్నె కడిగి, కొత్త పిండి పోయించుకుంది. ఒకరింట్లో లోపలికి రమ్మనలేదు. దీపాలు పెట్టే వేళయినా ఇంకా మూడిళ్ళు మిగిలిపోయాయి. కాళ్ళు పీకుతున్నాయి. పొద్దున్నే పోదాంలే అనుకుని ఇంటికి వచ్చేశాను.

ఆ మూడిళ్ళలో చివరిది రైల్వే గేటు దగ్గరి అక్కది. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. పిండి ఆడించుకోవడానికి వచ్చిందంటే నాతో గంటసేపు మాట్లాడి గానీ కదిలేది కాదు. మరలో చప్పుడుకు గట్టిగా అరుచుకుంటూ మాట్లాడుకునేవాళ్ళం, మా ఇద్దరి సంగతులూ వీధిలో అందరికీ తెలిసిపోయేవి. ఆ యేడు ఆమె ఇంటాయనకు పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. ఆయన లేచి నడవాలని ఆమె నెలంతా ఒంటిపూట ఉంటూ నాలుగు శనివారాలూ మొక్కుకుంది. అందరికంటే ముందు పోవలసింది ఆ ఇంటికే. ఆ సంగతి నాకప్పుడు తట్టలేదు, దూరమని చివరికి పెట్టుకున్నాను.

శనివారం పొద్దున మిగతా రెండిళ్ళూ చూసుకుని నేను పోయేసరికి దీపం వెలుగుతోంది. అరిటాకు ముందు ఆమె చేతులు జోడించుకుని కూర్చుని ఉంది. వెనక మంచం మీద ఆయన, ఒక చెయ్యి మాత్రం ఎత్తి దండం పెడుతున్నాడు. గడప బయటే ఆగిపోయాను. నెయ్యి అయిపోవచ్చి, పిండి అంచు మాడుతోంది. ఎప్పుడో చచ్చిపోయిన నా ముక్కుకు సన్నగా రొయ్యల కమురు వాసన తగిలింది. నిజంగా వచ్చిందో, నాలోని భయమో, ఇప్పటికీ చెప్పలేను.

ఆమె లేచి నన్ను చూసి నవ్వింది. చెప్పాను.

ఆమె కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

"నాకెందుకు చెప్పినావు పాపా?" అంది. "నువ్వు చెప్పకుంటే నాకు తెలుసునా? దీపం కొండెక్కినాక ఇంత తిని, ఆయనకింత పెట్టి, సామి సూసుకుంటాడులే అని ఉందును గదా. ఇప్పుడు నేనేం జేసేది?"

పిండి గిన్నె గడప మీద పెట్టి వచ్చేశాను. మధ్యాహ్నం గిన్నె కోసం అటు పోతే అది పెట్టినచోటే ఉంది, పిండి కూడా కదల్చలేదు. ఆమె మళ్ళీ మా మరకు రాలేదు. ఆయన లేచి నడవనూ లేదు. దానికీ దీనికీ సంబంధం లేదని నాకు తెలుసు. ఆమెకూ తెలిసే ఉంటుంది. అయినా బజారులో ఎదురుపడితే ఇద్దరం వేరే వైపు చూసేవాళ్ళం.

ఆ రోజు ఇంటికొచ్చి అబ్బ మీద అరిచాను. "చెప్పి నువ్వు పుణ్యాత్ముడివైనావు. ఆమె మనసు విరిగింది, నా మొహం పోయింది. చెప్పకుంటే ఎవరికి నష్టం?" అన్నాను. ఆయన, "ఏమో బేటీ," అన్నాడు. చాలా యేళ్ళు ఆ కోపం నాలో అలాగే ఉంది. ఆయన పోయినప్పుడు కూడా పూర్తిగా పోలేదు. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

తర్వాతి వారం నుంచి ఒక కొత్త అలవాటు మొదలైంది. పిండి గిన్నె చేతికి ఇవ్వగానే చిటికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకునేవాళ్ళు. ఎవరూ మాట అనరు. వాసన చూసి, తలాడించి, మూత పెట్టుకుని పోతారు. మొదట బియ్యప్పిండికే, తర్వాత రాగిపిండికీ గోధుమపిండికీ కూడా. కోపంతో చేసింది కాదు, అలవాటైపోయింది. ఊళ్ళోకి కొత్తగా వచ్చిన కోడళ్ళు కూడా అత్తలను చూసి వాసన చూసేవాళ్ళు. ఎందుకు చూస్తున్నారో వాళ్ళకు తెలియదు, పిండి అంటే అలా చూడాలనుకున్నారు. వాళ్ళ చెయ్యి ముక్కు దగ్గరికి పోయిన ప్రతిసారీ నా తల దానంతటదే కిందికి వాలేది. రోజుకు ఎన్నిసార్లో. బస్తాలు ఎత్తిన అలుపు నిద్రపోతే తీరేది, ఇది తీరేది కాదు.

ఆ తర్వాత పాకెట్ పిండ్లు వచ్చాయి, ఇళ్ళల్లోకి చిన్న మిషన్లు వచ్చాయి. మర వారానికి రెండు రోజులకు వచ్చింది. నాకు దగ్గు పట్టుకుంది. తిరుపతిలో డాక్టరు ఛాతీ ఫోటో తీయించి, ఇంక పిండిలో నిలబడొద్దన్నాడు. బాధేమీ అనిపించలేదు. లోపల ఎక్కడో హమ్మయ్య అనుకున్నాను. అందుకే ఇనుము ఆయన్ని పిలిపించాను. ఈ నాలుగు శనివారాలు ఆయన్ని ఎందుకు ఆపానంటే, తాత పెట్టిన కట్టుబాటు కోసమేమీ కాదు, తడి బియ్యం నానబెట్టుకున్నవాళ్ళు ఎక్కడికి పోతారని.

ఆఖరి శుక్రవారం గుప్పెడు మంది వచ్చారు. మర ఎత్తేస్తున్నానని ఒక్కొక్కరికీ చెప్పాను. "అయ్యో" అన్నారు. అని, చిటికెడు తీసి వాసన చూసుకుని పోయారు. నాకు నవ్వొచ్చింది. ఆఖరి రోజైనా మానలేదు.

పది దాటాక ఆటో ఒకటి వాకిట్లో ఆగింది. గేటు దగ్గరి అక్క దిగింది. జుట్టంతా తెల్లబడింది, నడుము వంగింది. ఆమె ఇంటాయన పోయి రెండేళ్ళయిందని విన్నాను, పలకరించడానికి పోయే మొహం లేక పోలేదు. చేతిలో స్టీలు గిన్నె, దానిమీద తడిగుడ్డ.

"ఎత్తేస్తాండావంట గదా," అంది.

"అవునక్కా. పానం బాలేదు."

"పాకెట్ పిండితో దీపం నిలవలేదు పాపా. పగిలి, నెయ్యంతా ఆకు మీదికి పోతాండాది. ఇన్నేండ్లూ అట్లనే పెడతాండా. ఈ ఒక్కసారన్నా సరిగ్గా పెడదామని వచ్చినా."

బియ్యం ముట్టుకుని చూశాను. చెమ్మ సరిగ్గా ఉంది. నూకలు పోసి మర కడిగాను, అవసరం లేకపోయినా ఇంకోసారి కడిగాను. ఉతికిన తొడుగు తీసి, ఆమెకు కనపడేలా తిరగేసి దులిపి, కట్టాను. ఆమె అబ్బ కుర్చీలో కూర్చుని వీధిలోకి చూస్తోంది. పిండి దిగుతుంటే వేళ్ళ మధ్య నలిపి, రాయిని రవ్వంత దించాను. ఆ ఒక్క గిన్నె పిండికి పట్టినంత శ్రద్ధ ఈ మధ్య దేనికీ పట్టలేదు.

గిన్నె ఆమె చేతిలో పెట్టాను. ఆమె చెయ్యి పిండిలోకి పోతుందని నాకు తెలుసు. చూడలేక ముందే తల దించేసుకున్నాను.

కాసేపటికి తలెత్తితే, ఆమె గిన్నె మీద గుడ్డ కప్పి అంచులు ముడి వేసుకుంటోంది.

"వాసన సూడలేదే అక్కా?" అన్నాను. ఉండబట్టలేక అడిగేశాను.

"యెందుకు సూసేది?" అంది. ముడి బిగించి, గిన్నె చంకన పెట్టుకుంది. "యేమన్నా ఉంటే నువ్వే చెప్తావు గదా."

ఆటో గేటు వైపు వెళ్ళిపోయింది. నేను అబ్బ కుర్చీలో కూర్చున్నాను. ఆయన ఉన్నప్పుడు ఒక్కసారైనా అందులో కూర్చోలేదు. ఆ మాట ఆయన వినవలసింది, నేను విన్నాను. అన్నేళ్ళు ఆయన మీద పెట్టుకున్న కోపాన్ని ఏం చేసుకోవాలో తెలియక, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. లోపల గింజలు లేక రాళ్ళు ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. మోటారు ఆపలేదని అప్పుడు గుర్తొచ్చింది.